వస్తాను మరి

బిలాస్‌పూర్ స్టేషన్‌లో విశాఖ బండి కదిలింది.

తలుపు దగ్గర నిలబడ్డ పైడిరాజు తనూజ వైపే చూస్తూ, "వస్తాను మరి" అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద తనూజ పక్కనున్న అనిల్‌కి ఒళ్ళు మండింది.

"సునా? విన్నావా, మళ్ళీ వస్తాడట!" తనూజ ముఖం వెలిగిపోయింది.

పైడిరాజుది బొబ్బిలి. పంతొమ్మిదేళ్ళుంటాయి. దూరపు చుట్టమని చెప్పి తనూజ తండ్రి సన్యాసిరావే క్వార్టర్‌లో నెల రోజులు ఉంచుకున్నాడు.

అనిల్, తనూజ ఒకే రైల్వే కాలనీలో పెరిగారు. పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ స్నేహం అనిల్‌కి ఇంకేదో అయింది. ఈ వేసవిలోనే చెప్పేద్దామనుకున్నాడు.

ఇంతలో వీడు దిగాడు.

ముంజె ఒలిస్తే మొదటిది తనూజకే. ఆమె నవ్వితే తినడం మానేసి చూసేవాడు. నిన్నటికి నిన్న ఆమె చిన్నప్పటి ఫోటో అడిగి మరీ తీసుకున్నాడు.

ఇంకేం కావాలి?

ఇల్లు చేరేలోగా అనిల్ మెసేజ్ పెట్టాడు. "నువ్వంటే తనూజకి చిరాకు. మొహం మీద అనలేక నాతో చెప్పించింది. మళ్ళీ రావద్దు, ఫోనూ చెయ్యొద్దు."

చాలాసేపటికి జవాబు వచ్చింది.

"సరే తమ్ముడూ. తనని జాగ్రత్తగా చూసుకో."

గెలిచాననుకున్నాడు అనిల్.

జూన్ పోయింది. జూలై పోయింది.

"ఫోనే ఎత్తట్లేదు యార్. రానివాడు వస్తానని ఎందుకనాలి? ఝూఠా!" తనూజ ఏడ్చింది.

ఆ మాటే అనిల్ ఇంటికొచ్చి నాన్నమ్మతో అన్నాడు.

బియ్యం చెరుగుతున్న అప్పలనర్సమ్మ పకపకా నవ్వింది.

"ఓరి వెర్రి నాయనా! మన వేపు బయల్దేరినప్పుడు ఎల్తాను అనకూడదురా. వస్తాను అనే అంటాం. మీకు ఆ హిందీ తప్ప ఏటీ రాదు."

"అంటే... తనూజ కోసం మళ్ళీ వస్తానని కాదా?"

"దాని కోసమేటి?"

అనిల్ తల దించుకుని మెసేజ్ సంగతి చెప్పేశాడు. "వాడు తనూజని ప్రేమిస్తున్నాడనుకున్నాను."

చేట ఆగిపోయింది.

"ఎంత పని సేసీసావురా!" అప్పలనర్సమ్మ గొంతు తగ్గించింది. "తనూజకి తెలీదు. నువ్వూ నోరిప్పకు. పదిరోజుల పసిగుంటప్పుడు దాన్ని బొబ్బిలి నుంచి ఒళ్ళో ఎట్టుకుని తెచ్చి, సన్నేసిరావుకి పెంపకానికి ఇచ్చింది నానే."

"అయితే పైడిరాజు...?"

"సెప్పను, కళ్ళారా సూసి పోతానని ఒట్టేసి వచ్చాడు" అంది ముసలమ్మ. "మొన్న మాఘంలో తల్లి పోనాక, ఆడికి ఈ బూమ్మీద మిగిలింది ఆ ఒక్క చెల్లేరా."