పేరు చెప్పవే కుందా

"పేరు చెప్పవే! నీకు ఈ సవాయి రోగం అంటించిన ఆ దొంగ వెధవ పేరు చెప్పు!"

వంటింటి తలుపు గడియ పెట్టి, అత్త భాగీరథీబాయి కోడలి జుట్టు పట్టుకుంది. ఇందాకే ముడిచిన పూలదండ తెగి కింద పడింది. బయట ముంగిట్లో ఊళ్ళో ఆడవాళ్ళంతా చేరి ఉన్నారు. కుందాకు ఏడో నెల. పూల ఉయ్యాల మీద కూర్చోబెట్టి ఒడి నింపడానికి వచ్చారు వాళ్ళంతా. పొయ్యి మీద పూరణ్‌పోళీ మాడుతున్నా చూసే దిక్కు లేదు.

"చెప్పాను కదత్తా. ఆయనే."

"ఏ ఆయన?"

"ఆయనే!"

మొగుడి పేరు పెళ్ళాం పెదవి దాటితే వాడి ఆయుష్షు తరిగిపోతుందని ఆ ఇంట్లో నమ్మకం. కుందాకూ అదే భయం.

ఆ మొగుడు దిగంబర్ గోడకు ఆనుకుని మీసం సవరించుకుంటున్నాడు. "చూశావా అమ్మా? ఆయన, ఆయన అంటుందే గానీ పేరు రాదు. ఆ ఆయన ఎవడో, ఏమో!"

ఎంత మాట! కుందాకు ఒళ్ళు మండిపోయింది. "పోయిన దీపావళికి పుండు లేచింది మీకు కాదూ? వేడి చేసిందన్నారు. రోజూ మజ్జిగ చిలికి ఇచ్చింది నేను కాదూ?"

"అది ఎప్పుడో మానిపోయిందే! నొప్పి లేదు, మందు లేదు, దానంతటదే పోయింది. రోగమైతే అలా పోతుందా?" అంటూ దేవుడి గూట్లోంచి పిడికెడు పసుపు తీశాడు. "ఖండోబా మీద ఆన. నేను నిప్పుని."

భాగీరథీబాయి కళ్ళొత్తుకుంది. కొడుకు ఖండోబా పసుపు పట్టాక ఆవిడకు ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

"నా రక్తం పరీక్ష చేసిన నర్సు చెప్పిందీ అదే అత్తా!" కుందా ఆవిడ కాళ్ళ మీద పడింది. "ఆ పుండు నొప్పెట్టదట. దానంతటదే మానుతుందట. పోయింది కదా అని మనం మురిసిపోతే, అది రక్తంలో దాక్కుంటుందట. ఏళ్ళు గడిచాక కళ్ళనో, గుండెనో, మెదడునో, ఏదో ఒకదాన్ని పట్టుకుంటుందట. నా బిడ్డకు ఆ మాత్రం గడువు కూడా లేదు. కడుపులోనే చచ్చిపోవచ్చట. రేపు మేమిద్దరం వెళ్ళి సూది వేయించుకుంటే బతుకుతుందంది. నేనొక్కదాన్నే వేయించుకుంటే ఈయన మళ్ళీ అంటిస్తారట."

"నేనా? సూదా?" దిగంబర్ ఎగిరిపడ్డాడు. "వేయించుకుంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదూ?"

"ఆ ఆసుపత్రి అరుగు మీద సగం మంది మనవాళ్ళే కూర్చునుంటారు" అంది భాగీరథీబాయి. "సూదీ లేదు, గీదీ లేదు. పురుడయ్యేదాకా ఈ గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతాను. తర్వాత నీ దారి నీది. ఇప్పుడు మొహం కడుక్కుని, నోరు మూసుకుని, పోయి ఉయ్యాల ఎక్కు."

తలుపు దబదబా మోగింది. "వదినా! నువ్వు ఎక్కుతావా, నన్నెక్కమంటావా? నాకూ ఐదో నెల వచ్చిందమ్మా, కానియ్యి!"

అది మాలన్ గొంతు. పక్కింటి ధోండీరాం భార్య. ధోండీరాం, దిగంబర్ కలిసి సోలాపూర్ నుంచి సూరత్‌కు ఒకే లారీ నడుపుతారు. ఆ పిల్ల నోరు తెరిస్తే నవ్వో, వేళాకోళమో తప్ప ఇంకోటి రాదు.

కుందాను ఉయ్యాల ఎక్కించారు. ఆకుపచ్చ చీర కొంగులో బియ్యం పోశారు, కొబ్బరికాయ పెట్టారు. పొట్ట చూసి కొడుకంటే కొడుకని ఒకరు, కూతురంటే కూతురని ఒకరు పందేలు వేసుకుంటున్నారు. లోపల బిడ్డ తన్నింది. కుందాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏ బిడ్డయితేనేం, ప్రాణంతో వస్తే చాలు!

"పేరు! పేరు చెప్పాలి!" మాలన్ చప్పట్లు చరిచింది. "రెండు పాదాల్లో మొగుడి పేరు కట్టి చెప్పందే ఉయ్యాల దిగనిచ్చేది లేదు!"

మామూలు రోజుల్లో ఆ పేరు పలికితే పాపం. ఇలాంటి వేడుకలో మాత్రం పలకనంటే ఎవరూ ఊరుకోరు.

"వద్దులేవే. దానికి నీరసంగా ఉంది" అంది భాగీరథీబాయి గాభరాగా.

"అదేం కుదరదు పిన్నీ! సిగ్గుకు నీరసమని పేరు పెడతావా?" అందరూ గొల్లుమన్నారు. గుమ్మంలో నిలబడ్డ దిగంబర్ కూడా నవ్వాడు.

ఆ నవ్వు చూసింది కుందా. ముంగిలంతా వినబడేలా గొంతెత్తింది.

"పచ్చ గాజులు తొడిగాను, పూల ఉయ్యాలెక్కాను,
దిగంబర్‌రావు ఇచ్చిన సవాయిని కడుపులో మోస్తున్నాను."

చప్పట్లకు లేచిన చేతులు లేచినట్టే ఉండిపోయాయి.

"రేపు మా ఇద్దరికీ సూది పడకపోతే నా బిడ్డ చచ్చిపోతుంది" అంది కుందా.

"దిష్టి కొట్టింది! పిచ్చెక్కింది దీనికి! లోపలికి లాక్కెళ్ళండి!" భాగీరథీబాయి గుండెలు బాదుకుంది. ఒక్కరూ కదల్లేదు. గుమ్మంలో దిగంబర్ లేడు.

మాలన్ ఒక చేత్తో ఉయ్యాల తాడు, ఇంకో చేత్తో తన పొట్ట పట్టుకుని నిలబడింది. ఆమెను పేరు చెప్పమని ఎవరూ అడగలేదు. తనంతట తనే, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"ఒకే లారీ, ఒకే దారి, సూరత్‌లో ఒకే గుమ్మం ఎక్కుతారు,
ధోండీరాం పెళ్ళాన్నమ్మా, నాకూ ఆ సూది వేస్తారా?"