కొట్టేసిన ఎక్స్

"ముప్పై రెండోది కూడా అంతే!" అంటూ చుక్కల మాస్టారు ఎర్ర పెన్ను బల్లమీద పడేశారు.

జవాబు పత్రాలు దిద్దే ఆ హాల్లో తలలన్నీ ఒక్కసారి లేచి, మళ్లీ కట్టల్లోకి వాలిపోయాయి. ఎవరి గోల వాళ్లది. రోజుకు నలభై పత్రాలు. ఇవాళ పదకొండో రోజు. ఫ్యాన్ల నుంచి గాలి కంటే చప్పుడే ఎక్కువ వస్తోంది. మాస్టారి కుడి భుజం పొద్దున్నుంచీ సలుపుతోంది. పదవీ విరమణకు ఇంకా మూడు నెలలుంది కానీ, ఆయన ఒంటికి మాత్రం అది ఎప్పుడో అయిపోయినట్టుంది.

ఆయన సంతకం కింద రెండు చుక్కలు పెడతారు. ఆ పేరు అందుకే వచ్చింది. ఒకటి నీరసానికి, ఒకటి నిద్రకు అని తోటివాళ్లు ఏడిపిస్తారు. ఏళ్ల తరబడి పెట్టీ పెట్టీ, కళ్లు మూసుకున్నా ఆ చెయ్యి దారి తప్పదు.

క్యాంపు అధికారిణి వచ్చి ఎదురుగా కూర్చుంది. బళ్లో ఆవిడ చెప్పేది తెలుగు. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ జ్వరం.

"ఏమైంది మాస్టారూ?"

"కాపీ. కట్ట మొత్తం. ఒకే తప్పు, ఒకే వాక్యం. మీరే చూడండి."

x² = 7x అన్న లెక్క. ప్రతి పత్రంలోనూ రెండు వైపులా ఒక్కో xను అడ్డంగా కొట్టేసి, పక్కన 'ఇటూ అటూ ఉన్నది కొట్టివేయగా' అని రాసి, x = 7 అని తేల్చేశారు.

"ఇటు నలభై తొమ్మిది, అటు నలభై తొమ్మిది. సరిపోయిందిగా!" అంది ఆవిడ, x బదులు ఏడు వేసి చూసి.

"సగమే సరిపోయింది మేడమ్." మాస్టారు నిట్టూర్చారు. "సమీకరణం అంటే తక్కెడ అనుకోండి. ఇటెంతో అటంత. ఉత్త x ఉంటే రేఖీయ సమీకరణం, మామూలుగా జవాబు ఒక్కటే. x వర్గం వచ్చిందంటే వర్గ సమీకరణం. దానికి రెండు జవాబులుండొచ్చు. ఇక్కడ ఏడు ఒకటి, సున్నా రెండోది."

"సున్నా కూడా జవాబేనా?"

"ఎందుకు కాదూ? ఇటు సున్నా, అటు సున్నా. తక్కెడ కదల్లేదు. xను కొట్టేశారంటే అది సున్నా కాదని ఒట్టేసినట్టే. ఎవరు వెయ్యమన్నారు ఒట్టు?"

"x బదులు ఏం పెట్టినా సరిపోయేవి కూడా ఉంటాయంటుంది మా అమ్మాయి?"

"ఉంటాయి, సర్వసమీకరణాలు. ఎప్పుడూ నిజమే. మా ఆవిడ మాటలాగ."

ఆవిడ నవ్వింది కానీ ఆయనకు నవ్వే ఓపిక లేదు.

"కాపీ అని రాస్తే ఫలితాలు ఆపేస్తారు మాస్టారూ. ముప్పై రెండు మంది పిల్లలకి ఏడాది పోతుంది."

"రాయక ఏం చెయ్యమంటారు? ఒకరికొస్తే పొరపాటు. అందరికీ అవే మాటల్లోనా?"

నివేదిక రాసి, సంతకం చేసి, చుక్కలు పెట్టేశారు.

ఆవిడకు మనసొప్పలేదు. ఆ కట్ట ఏ బడిదో కనుక్కుని, మర్నాడు మధ్యాహ్నం అక్కడి లెక్కల టీచర్ని పిలిపించింది.

మాస్టారు గదిలోకి అడుగుపెట్టగానే ముప్పై అయిదేళ్ల టీచరమ్మ ఒకామె చటుక్కున లేచి నిలబడింది. ఆయన్ని చూసి ఆమె మొహం పాలిపోయింది. తప్పు చేసినవాళ్లు అలాగే ఉంటారులే అనుకున్నారాయన. ఎంత చెప్పినా ఆయన కూర్చునేదాకా ఆమె కూర్చోలేదు.

"పిల్లలు కాపీ కొట్టలేదండీ. నేనే అలా చెప్పాను."

"లెక్కల టీచరువేనా నువ్వు?"

"నేను చదివింది జీవశాస్త్రమండీ. లెక్కలకి ఎవరూ లేరని నాకప్పగించారు. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నదే చెబుతున్నాను."

"నీకు నేర్పిన ఆ మహానుభావుడెవరు?"

ఆమె తల దించుకుంది. "పెద్దవారండీ. పేరు చెప్పలేను."

"చేసిన నిర్వాకానికి మళ్లీ మర్యాదొకటా!"

"అలా అనకండి మాస్టారూ. మా క్లాసులో డెబ్బై మందిమి. ఆయన బాగా అలిసిపోయి ఉండేవారు. నడుస్తూనే పుస్తకాలు దిద్దేవారు."

"అలిసిపోతే?" మాస్టారి గొంతు లేచింది. "నేను అలిసిపోలేదా? చూడకుండా దిద్దే హక్కు ఎవరిచ్చారాయనకి?"

అధికారిణి కలగజేసుకుంది. "చూడమ్మా, నీ మాటకి సాక్ష్యం కావాలి. లేకపోతే ఈ కాగితం సాయంత్రానికి వెళ్లిపోతుంది."

"నా ఉద్యోగం తీసేయండి మేడమ్. పిల్లల ఏడాది మాత్రం..."

"నీ ఉద్యోగం తీస్తే వాళ్లు కాపీ కొట్టలేదని రుజువవుతుందా?"

టీచరమ్మ సంచీని ఒళ్లోకి తీసుకుని, తెరవబోయి ఆగింది. చివరికి అట్ట చిరిగిన పాత నోటు పుస్తకం ఒకటి తీసి అధికారిణికి ఇచ్చింది. "ఇప్పటికీ దీన్ని చూసే చెబుతానండీ" అంది మెల్లగా.

ఆవిడ పేజీలు తిప్పి ఒకచోట ఆగింది. x² = 9x. రెండు వైపులా x అడ్డంగా కొట్టేసి ఉంది. పక్కన చిన్నపిల్ల రాత: 'ఇటూ అటూ ఉన్నది కొట్టివేయగా.' జవాబు తొమ్మిది. దానిమీద ఎర్రగా పెద్ద రైటు, కింద సంతకం.

"ఇది చాలు. పిల్లల తప్పేం లేదు." ఆవిడ నిన్నటి నివేదికను నిలువునా చింపేసి, తెల్ల కాగితం ముందుకు జరిపింది. "జరిగింది జరిగినట్టు మళ్లీ రాయండి మాస్టారూ. ఈ రైటు ఎవరు పెట్టారో కూడా రాయాలి."

"రాస్తాను. ఆ పెద్దమనిషి పేరు నా చేత్తోనే రాస్తాను." మాస్టారు పెన్ను మూత తీశారు. "ఏదీ, ఇటివ్వండి."

"మాస్టారూ, వద్దండీ" అంది టీచరమ్మ. ఆమె కళ్లనిండా నీళ్లు.

ఆయన వినిపించుకోలేదు. కళ్లజోడు సర్దుకుని, పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి వంచారు.

సంతకం కింద రెండు చుక్కలున్నాయి.