మార్చి నాటి పోగు

“ఇదీ పోయింది!”

మీటరులో అంకె చూసి సుగన్య కుర్చీలో కూలబడింది. ఇరవై రెండో పోగు. వెంట్రుకంత సన్నటి, లోపల బోలుగా ఉండే ఆ బొగ్గుపోగు గోడలోంచి ఆక్సిజన్ దూరాలి, నైట్రోజన్ ఆగిపోవాలి. ఇప్పుడు రెండూ చెట్టపట్టాలేసుకుని దర్జాగా దాటిపోతున్నాయి.

రేపు ఉదయం పదింటికి ఆమె పరిశోధనను పరీక్షించే కమిటీ కోవిల్‌పట్టిలోని ఈ ల్యాబ్‌కు వస్తోంది. మొన్న మార్చిలో ఒకే ఒక్క పోగు అద్భుతంగా పనిచేసింది. ఆ ఫలితం వాళ్ల కళ్లముందు మళ్లీ చూపించలేకపోతే సుగన్య దొంగ అంకెలు వేసిందనే అంటారు. నాలుగేళ్ల పరిశోధన బూడిదే.

“అదే పాలిమర్, అదే నైట్రోజన్, అదే ఆరు వందల డిగ్రీలు. అంతా పుస్తకంలో రాసిపెట్టాను సార్. ఎవరో ఫర్నేస్ మీద చెయ్యి వేస్తున్నారు!”

ప్రొఫెసర్ రామచంద్రన్ కళ్లద్దాలు తీశాడు. “తాళంచెవులు మన ముగ్గురి దగ్గరే ఉన్నాయి కదమ్మా.”

ఆ మూడోవాడు, ఫర్నేస్ చూసుకునే సోలైమలై, గుమ్మంలోనే ఉన్నాడు.

“అంటే నేనేనా? ఊళ్లో పల్లీచిక్కీ పాకం ముదిరినా నా నెత్తినే రుద్దేలా ఉన్నారే!”

“హాస్యాలొద్దు అణ్ణాచ్చీ! నాబ్ తిప్పావా, లేదా?”

“మారియమ్మ మీద ఆన. మీరు ఆరు మీద పెట్టి వెళ్తే ఆరు మీదే ఉంచాను. పని అయ్యాక సున్నాకు తెచ్చాను.”

“సార్, ఫిర్యాదు రాయండి. ఈయన పేరే రాయండి!” సుగన్య కాగితం తీసి ప్రొఫెసర్ ముందు పెట్టింది.

సోలైమలై ముఖంలో నెత్తుటిచుక్క లేదు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం అతనిది.

“ఒక్కసారి తిప్పాను. అదీ మీరు చెబితేనే.”

“నేనా! ఎప్పుడు?”

“మార్చిలో. మీ అమ్మను విరుదునగర్ ఆసుపత్రిలో చేర్చిన రోజు. అక్కణ్ణుంచి ఫోన్ చేసి, ఫర్నేస్‌లోకి వెళ్లే నైట్రోజన్ ఆగకుండా చూడమన్నారు. ఆ వెంటనే ‘ఎట్టు’ అన్నారు. లైన్ కట్టయింది. మన తమిళంలో ఎట్టంటే ఎనిమిదే కదా? ఎనిమిదికి తిప్పాను.”

రామచంద్రన్ దిగ్గున లేచాడు.

“ఎనిమిది వందలా! ఆ వేడికి రంధ్రాలు ఇంకా ముడుచుకున్నాయి. అందుకే నైట్రోజన్ దూరలేకపోయింది! పిచ్చిపిల్లా, ఈ ఇరవై రెండింటినీ ఎవరూ చెడగొట్టలేదు. చెయ్యి పడింది ఆ మంచిదాని మీదే! సోలైమలై, కొత్త పోగు పెట్టు. ఎనిమిదికి తిప్పు. రేపటికి చేతికొస్తుంది.”

సోలైమలై పరుగెత్తాడు. సుగన్య మాత్రం కదల్లేదు.

“పుస్తకంలో ఆరు రాసుకుని ఫోన్లో ఎనిమిది అన్నావా? అంత గొప్ప ఆలోచన ఎవరిచ్చారు నీకు?”

“ఎవరూ ఇవ్వలేదు సార్. అణ్ణాచ్చి తప్పేమీ లేదు. మా ఇంట్లో మాట్లాడేది తమిళం కాదు.”

“అయితే?”

ఆమె తల వంచుకుంది.

“ఫోన్ చేతిలో ఉండగానే, ‘ఎట్టుండాదమ్మా’ అని మా అమ్మని తెలుగులో అడిగింది నేనే సార్!”