తోడమ్మ

మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కోడలు గుమ్మంలోనే నిలబడింది. చెప్పులు విప్పుతూ లోపలికి చూసి బిగుసుకుపోయింది. వీధి తలుపు పక్క మేకుకి ఉండాల్సిన గుడ్డసంచి నడవలో, మామగారి గది పక్కన వేలాడుతోంది.

ఆ సంచి సంగతి పేటలో తెలియనివాళ్లు లేరు. అందులో ఒక ప్రార్థన పుస్తకం, మెత్తటి తువ్వాలు, ఎండిన పెదవులు తడపడానికి కాస్త దూది ఉంటాయి. దాన్ని భుజాన వేసుకుని అత్తగారు ఏ వీధి మలుపు తిరిగినా అక్కడ మాటలు ఆగిపోయేవి. ఎవరి గుమ్మం ఎక్కుతుందోనని అందరి కళ్లూ ఆవిడ కాళ్ల మీదే ఉండేవి.

పెళ్లయిన కొత్తలో, పక్కింటి ముసలావిడ నోట్లో చుక్క నీళ్లు పోసే దిక్కు లేక ఒంటరిగా పోవడం చూసింది అత్తగారు. తర్వాత ప్రార్థన మందిరం సేవా సంఘంలో చేరి, పోయేవాళ్ల దగ్గర కూర్చోవడమే పనిగా పెట్టుకుంది. నలుగురు పిల్లల్ని పెంచింది, వాళ్ల పెళ్లిళ్లూ పురుళ్లూ చూసింది. ఏ పూట వంట ఆ పూట ముగించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మరీ బయలుదేరేది. ఆవిడ పక్కన కూర్చున్నాక ఆ మంచం మీంచి లేచినవాళ్లు లేరు. జనం ఆవిడకి తోడమ్మ అని పేరు పెట్టారు. ఎదురుపడితే చేతులు జోడించేవారు. తమ ఇంటికి మాత్రం రాకుండా ఉంటే చాలనుకునేవారు.

అలాంటి మనిషి కొన్నాళ్లుగా గడప దాటడం లేదు.

"తోడమ్మగారు బయట కనపడటం లేదేం?" అని పొద్దున పక్కింటావిడ ఆరా తీసింది. "ఇంట్లో అందరూ కులాసాయేనా?"

"కులాసాయేనండీ."

"అంతేలే. మీ మామగారికి మాత్రం తక్కువ వయసా," అంటూ ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట కోడల్ని రోజంతా వదల్లేదు. టైలరు దుకాణంలో గుడ్డ కత్తిరించే పని ఆమెది. పరధ్యానంలో ఒక చొక్కాకి రెండు చేతులూ కుడివైపువే కత్తిరించింది. యజమాని తిట్టలేదు. "ఇంటికెళ్లి పడుకోమ్మా" అన్నాడు. ఈయనకి కూడా తెలిసిపోయిందన్నమాట అనుకుంది.

ఇంట్లో మాత్రం ఎవరూ నోరు విప్పరు. ఆమధ్య తల్లీకొడుకులు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చినప్పటి నుంచీ ఇదే వరస. "మామయ్య గురించి డాక్టరు ఏమన్నారు?" అని అడిగితే భర్త కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఏమంటారు? నువ్వు ఆయనిచ్చిన రక్తం పట్టే మాత్రలు వేసుకున్నావా?" అంటాడు. ఒకప్పుడు గిన్నె చప్పుడైతే కసిరే అత్తగారు ఇప్పుడు ఆమెని చెంబైనా ఎత్తనివ్వడం లేదు. పాపం, కోప్పడే ఓపిక కూడా పోయింది. మామగారి గదికీ తమ గదికీ మధ్య నడవలో చాప వేసుకుని పడుకుంటోంది.

కోడలు సంచిని తాకకుండా దాటుకుని మామగారి గదిలోకి వెళ్లింది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ మనిషి ఆయన. దిండుకి చేరగిలబడి ఉన్నారు.

"ఎలా ఉంది మామయ్యా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఈ కాలొక్కటే మొండికేసింది. నువ్వేమన్నా తిన్నావా?"

"తింటాలెండి."

"తర్వాత కాదు, ఇప్పుడు తిను."

ఆమె దుప్పటి సర్దుతుంటే ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఉద్యోగమున్నన్నాళ్లూ రైలు వెనక పెట్టెలోంచి జెండా ఊపిన చెయ్యి అది.

"ఎంతమందినో సాగనంపిన మనిషే," అన్నారు నెమ్మదిగా. "ఈసారి మాత్రం మీ అత్తయ్యకి చాలా కష్టంగా ఉందమ్మా."

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. అంటే ఈయనకీ తెలుసు. ఇంక దాచిపెట్టడం ఎవరికోసం? కళ్లు తుడుచుకుని తిన్నగా వంటింట్లోకి నడిచింది.

అత్తగారు పాలు కాస్తోంది.

"అత్తయ్యా, ఒక మాట అడుగుతాను. దాచకండి."

ఆవిడ స్టవ్వు కట్టేసి ఇటు తిరిగింది. "నా అంతట నేను ఎవరికీ ఏదీ చెప్పను. అడిగినవాళ్లకి అబద్ధమూ చెప్పను. అడుగు."

"డాక్టరు చెబితేనేగా మీరు ఎవరి దగ్గరికైనా వెళ్లి కూర్చునేది?"

"అవును. ఇంక తన చేతిలో ఏమీ లేదని ఆయన అన్నాకే."

"ఆమధ్య ఆయన మిమ్మల్ని పిలిపించారు."

"పిలిపించారు."

"మామయ్య ఎన్నాళ్లుంటారత్తయ్యా?"

అత్తగారు తెల్లబోయింది. "మామయ్యా? ఆయనకేమైంది? ఎముక అతుక్కుంటోంది. వచ్చే నెలకి కర్ర పట్టుకుని నడుస్తారట."

కోడలు గోడకి జారగిలబడింది. గుండెల మీది బండ దిగిపోయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"పిచ్చిదాన్ని. ఆ సంచి అక్కడ చూసి హడలిపోయాను. మామయ్య కోసమేననుకున్నాను."

అత్తగారు నవ్వలేదు. పాలు గ్లాసులో పోసి, చల్లార్చి, కోడలి చేతికిచ్చింది. గ్లాసు పట్టుకున్న ఆ చేతిని తన రెండు చేతులతోనూ పొదివి పట్టుకుంది. ఎంతకీ వదల్లేదు.

"మరి మీరిప్పుడు ఎవరి దగ్గర కూర్చుంటున్నారత్తయ్యా?"

"నీ దగ్గరేనమ్మా."