తప్పిపోయిన మొగుడి బొమ్మ

"పేరు సెప్పకపోతే మైకులో ఏటని పిలవమంటావు మామ్మా?" మైకు దగ్గర కూర్చున్న ఎల్లాజీ విసుక్కున్నాడు. "ఓ ముసిలోడా, రా రా అంటే జాతరలో సగం మంది ఇక్కడికే ఒచ్చీగలరు!"

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. మొగుడి పేరు పలకడం ఆమె ఇంటా వంటా లేదు. పొద్దు వాలిపోతోంది. నరసన్నపేట వెళ్ళే ఆఖరి బస్సు కాసేపట్లో కదిలిపోతుంది. ఈలోగా ఆయన దొరక్కపోతే ఈ జనంలో తన గతేమిటని ఆమె దిగులు.

బడిపిల్లల బొమ్మల కోసం వేసిన తాటాకు పందిరి అది. మైకు కూడా ఆ బొమ్మలు చూడ్డానికి రమ్మని జనాన్ని పిలవడానికి పెట్టించిందే. తన బొమ్మల కింద కాపలా కూర్చున్న నాలుగో తరగతి కాంతానికి, ఆ మామ్మని చూస్తుంటే ఏడుపొచ్చేలా ఉంది.

"పోనీ, గుర్తేటైనా సెప్పు," అన్నాడు ఎల్లాజీ.

"పూరీలో ఉంటాడు కదా బాబూ... అన్నతోటీ, సెల్లితోటీ..."

"ఓర్నీ, జగన్నాధమా!"

అసిరమ్మ సిగ్గుపడి అటు తిరిగిపోయింది. ఎల్లాజీ మైకు మింగేస్తాడా అన్నట్టు పట్టుకుని పిలిచాడు. ఆ చుట్టుపక్కల ఇంటికో జగన్నాధం ఉంటాడన్న సంగతి పాపం అప్పుడు గుర్తురాలేదు. మేక తాడు పట్టుకుని ఒక జగన్నాధం వచ్చాడు. జీళ్ళు నములుతూ ఇంకొకడు. కొత్త పెళ్ళాన్ని వెంటేసుకుని మరొకడు.

"ఈడు కాదు. ఈడూ కాదు," అంటూంటే అసిరమ్మ కళ్ళు నిండిపోయాయి. "అయినా మైకు ఆయనకెక్కడ ఇనిపిస్తాది బాబూ? సెవుడు కదా!"

"ఆ ముక్క ముందు సెప్పొద్దా తల్లీ!" ఎల్లాజీ నెత్తి కొట్టుకున్నాడు.

కాంతం గబుక్కున లేచింది. "మాస్టారూ, ఆ తాత బొమ్మ నాను ఏస్తానండి. స్తంభానికి కడదాం. ఎవులో ఒకలు పోల్చుకుంటారు."

కృపానిధి మాస్టారు నసిగారు. ఈ టెర్ములో నాలుగో తరగతికి ఆయన అనుకున్నది పెద్ద పనే. ముందు గీతలు, తర్వాత సున్నలూ పలకలూ, వాటిని కలిపి బిందెలూ ఇళ్ళూ, ఆ పైన రంగులు కలపడం, చివర్న మనిషి మొహం. మొహం దగ్గరికొచ్చేసరికి క్లాసు క్లాసంతా గుమ్మడికాయలకి మీసాలు పెట్టి ఊరుకుంది. వాళ్ళమ్మని వాళ్ళమ్మలాగే వేసింది కాంతం ఒక్కర్తే.

"సరే, వెయ్యి. నీకు తెలిసింది కాదు, చూసిందే వెయ్యాలి. గుర్తుందా?" అన్నారాయన.

కాంతం చూడలేదు కదా. అందుకని చూసినామెనే అడగడం మొదలుపెట్టింది. కాయితం మీద బొగ్గుతో గుడ్డు ఆకారం గీసి, మధ్యలో సన్నగా అడ్డగీత లాగింది.

"మొగం గుండ్రమా, కోలా మామ్మా?"

"కోల."

"కళ్ళు?"

"పెద్దవి. ఇటు సూసినాడంటే కాళ్ళు ఒనికిపోతాయి."

"అంత బయమా?"

"బయం కాదే, పిచ్చి మొకమా!" అంటూ అసిరమ్మ మొదటిసారి నవ్వింది.

"మీసం?"

"సన్నంగా, కొసలు పైకి."

"జుత్తు?"

"ఒత్తుగా, గిరజాలు. ఒకటి నుదుటి మీద పడతా ఉంటాది."

"ఈ వయసులో గిరజాలేటి మామ్మా!" ఎల్లాజీ కిసుక్కుమన్నాడు.

"నా మొగుడు నాకు తెలదేటి?" అసిరమ్మ కసిరింది.

కాంతం నుదుటి మీద గిరజం తిప్పి, బొగ్గు పక్కన పెట్టింది. చేతులు నల్లబడ్డాయి, ముక్కు కూడా. అసిరమ్మ బొమ్మ అందుకుని చూసింది. ముడతలు పడ్డ ఆ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

"ఇదే మొగం! ఓలమ్మో, ఇదే!"

గిరజాల జుత్తు మనిషిని పట్టుకొస్తామంటూ ముగ్గురు జగన్నాధాలూ అప్పుడే జనంలోకి పరిగెత్తారు. కాంతానికి సంతోషం పట్టలేకుండా ఉంది. బొమ్మ కట్టడానికి తాడు పట్టుకొచ్చింది గానీ, అసిరమ్మ కాయితం వదిలితేనా!

"అడ్డుతెర దించినప్పుడు, పెళ్ళి పీటల మీద సూసినానమ్మా ఈ మొగం," అంటోందామె. "ఆ తరవాత అత్త ముందు తలెత్తనేదు. పొలమని, పొయ్యని, పిల్లలని... మళ్ళీ తీరుబడిగా ఎప్పుడు సూసినాను?"

కాంతం తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంక ఆ తాతని ఎవరు పోల్చుకుంటారు? అసిరమ్మ మాత్రం బొమ్మని గుండెలకి హత్తుకుని, నవ్వుతూనే ఏడుస్తోంది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. గుండు నున్నగా మెరుస్తోంది. నోట్లో పళ్ళు లేవు, మీసం లేదు. చెమటలు కక్కుతూ అసిరమ్మని చూసి హమ్మయ్య అనుకున్నాడు. ఆమె గుండెల మీద కాయితం చూశాడు. వంగి మరీ చూశాడు. ఆయన మొహం కందగడ్డ అయిపోయింది.

"ఓలే! నీకోసం జాతరంతా కాళ్ళరిగేలాగ నాను తిరుగుతంటే, నువ్విక్కడ ఈ కుర్రోడి బొమ్మని వాటేసుకుని ఏడుస్తన్నావా? ఎవుడే ఈడు?"