నంబరు లేని మనిషి

"మనవాళ్ళేనా బాబూ?"

పక్క కుర్చీలోంచి తెలుగు వినపడగానే లిఫ్టు మెకానిక్ చేతిలోని కాగితాలను గుండెలకు అదుముకున్నాడు.

పదేళ్ళుగా ఈ దేశంలోనే ఉంటున్న తోడల్లుడు రాత్రి ఫోన్లో చెప్పనే చెప్పాడు.

"ఆ ఆఫీసులో బ్రోకర్లుంటారు. మన భాషలోనే, మహా మర్యాదగా మొదలుపెడతారు. పేరూ వీధీ చెప్పావనుకో, నీ అడ్రసు మీద ఇంకో పదిమందికి నంబర్లు పుట్టిస్తారు. జాగ్రత్త!"

నంబరంటే పన్నుకూ, బీమాకూ కలిపి ఇక్కడ పనిచేసేవాళ్ళకిచ్చే నంబరు. అది లేనివాడు ఈ దేశంలో మనిషి కిందే లెక్క కాదు.

దానికోసం మూడు వారాలుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు.

నంబరు కావాలంటే అద్దె కాగితం మీద ఇంటి ఓనరు సంతకం ఉండాలట. ఆ మహానుభావుడు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా తెలీదు. ఎప్పుడడిగినా కేర్‌టేకర్‌ది ఒకటే పాట: "ఊళ్ళో లేరండీ."

కంపెనీలో సూపర్‌వైజరుది ఇంకో పాట: "శుక్రవారం సాయంత్రానికి నంబరు తేవాలి. లేదంటే నువ్వు విమానం ఎక్కు, నీ పనిలోకి ఇంకొకడు ఎక్కుతాడు."

ఇవాళే శుక్రవారం.

సంతకం లేకపోయినా కాళ్ళావేళ్ళా పడి చూద్దామని వచ్చాడు. ఫోను ఆపేస్తే గానీ గుమ్మం దాటనివ్వలేదు. తీరా లోపలికొస్తే చేతికి అరవై ఒకటో టోకెను వచ్చింది. బోర్డు మీద ఇంకా తొమ్మిది.

ఇవి చాలవన్నట్టు ఈ ముసలాయన.

"నిన్నే బాబూ. పేరేంటి?"

మెకానిక్ నోటికొచ్చిన పేరేదో చెప్పాడు.

"ఏ వీధిలో ఉంటున్నావు?"

నోటికొచ్చిన వీధీ చెప్పాడు.

ముసలాయన మొహం వాడిపోయింది. మోచేతుల దగ్గర అరిగిన బూడిదరంగు కోటు సర్దుకుని, జేబులోంచి ఒక చీటీ తీశాడు.

"ఇది పన్నెండో టోకెను. ఒకతని కోసం తెల్లారకుండా వచ్చి తీసుకున్నా. అతను రాకపోతే నువ్వు వాడుకో. పాపం, ఎంతసేపు కూర్చుంటావు?"

ఓరి నాయనో! టోకెన్లు కూడా అమ్ముతాడన్నమాట!

"నాకేం అక్కర్లేదండీ. మీ పని మీరు చూసుకోండి."

ముసలాయన నొచ్చుకోలేదు. లేచి వెళ్ళి ముందు వరుసలో ఇంకొకడిని అడిగాడు. ఆ పక్కవాడినీ అడిగాడు. అదే ప్రశ్న: పేరేంటి, వీధేంటి?

మెకానిక్‌కు ఒళ్ళు మండిపోయింది. అసలే చచ్చీ చెడీ తిరుగుతుంటే, మధ్యలో ఇలాంటివాళ్ళ వల్లే కదా నిజంగా అవసరమున్నవాళ్ళకు ఇన్ని కొర్రీలు!

విసురుగా గార్డు దగ్గరికి వెళ్ళాడు.

"ఆయన బ్రోకరు సార్. అందరి అడ్రసులూ అడుగుతున్నాడు. టోకెన్లు కూడా ఉన్నాయి."

గార్డు వెళ్ళి ముసలాయన భుజం మీద చెయ్యేశాడు.

"ఒక్క పావుగంట కూర్చోనివ్వయ్యా. అతనొచ్చేస్తాడు," అని ముసలాయన బతిమాలాడు.

'అబ్బ, ఏం నటన!' అనుకున్నాడు మెకానిక్.

గార్డు వినలేదు. ముసలాయన తలుపు దగ్గర ఆగి, హాలంతా ఒకసారి కలయజూసి వెళ్ళిపోయాడు.

మూడు గంటల తర్వాత అరవై ఒకటి వచ్చింది.

"ఓనరు సంతకం?" అని కౌంటరులో ఆవిడ అడిగింది.

"ఆయన ఊళ్ళో లేరండీ. నా ఉద్యోగం పోతుందండీ. ఈ ఒక్కసారికీ..."

"ఓనరు వచ్చి మా ఎదురుగా ఒక్క సంతకం పెడితే చాలు. ఇప్పుడే నంబరిచ్చేస్తాం."

"వచ్చే మనిషైతే నాకీ ఖర్మ ఎందుకండీ?"

ఆవిడ కాగితాలు వెనక్కి తోసింది.

బయటికొచ్చి, ఆ ఓనరును నోరారా తిట్టుకుంటూ ఫోను ఆన్ చేశాడు. వెంటనే మోగింది. కేర్‌టేకర్!

"ఏమైపోయారండీ? పొద్దుట్నుంచీ నేనూ, ఆయనా మార్చిమార్చి చేస్తున్నాం, మీ ఫోను కలవదే!"

"లోపల ఫోన్లు ఆపేయమంటారయ్యా. ఆయనెవరు?"

"ఓనరుగారండీ. ఆయనా మీ భాషవారే. నిన్న రాత్రి మీ గొడవంతా చెప్పాను. 'పరాయి ఊళ్ళో కుర్రాడి పొట్టకొడతామా?' అని అప్పటికప్పుడు బయల్దేరి, తెల్లారేసరికి నేరుగా మీ ఆఫీసుకే వచ్చారు."

మెకానిక్ వెనక్కి తిరిగి ఆఫీసు తలుపు వైపు చూశాడు.

"ఇప్పుడు... ఇప్పుడెక్కడున్నారు?"

"ఇంకెక్కడండీ, విమానంలో. మళ్ళీ నెలకి గానీ రారు. ఎవడో వెధవ ఆయన్ని బ్రోకరని చెప్పి గార్డుతో బయటికి గెంటించాడటండీ."