మొప్పల ఎరుపు

"ఐసంతా నువ్వే నమిలేస్తే అది చస్తాది, అనీసా!"

ముబారక్ కూతురి చేతిలోని ఐసుముక్క లాక్కుని అద్దాల తొట్టిలో వేశాడు. సోమందేపల్లెలో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. కాళ్లున్న చేపల్లాంటి యాక్సలాటిళ్లు చల్లనీళ్లలోనే బతుకుతాయి. అతని పెంపుడు చేపల దుకాణంలో బంగారు రంగువీ, తెల్లవీ ఎండకు పోయాయి. మిగిలిన ఒక్క నల్లదీ పాలిపోతోంది.

"తెల్లబడితే మంచిదే కదయ్యా," అంది భార్య రేష్మా. "అందరూ తెల్లదాన్నే అడుగుతారంటివే. మన అనీసా కూడా ఈ మధ్య తెల్లబడతాండాది. నీ కూతురు ఎంత రంగు తేలిందని వీధంతా అదే మాట."

"తెల్లజాతి వేరేనే. దానికి మెడ పక్కన మొప్పల కుచ్చులు ఎర్రగా ఉంటాయి. దీనికి అవి కూడా తెల్లబడినాయి సూడు. ఇది రంగు కాదు, రక్తం లేక..."

అతని చూపు కూతురి మీదికి మళ్లింది.

అనీసా డబ్బాలోంచి ఇంకో ఐసుముక్క తీసుకుని ఆత్రంగా నములుతోంది. నెల రోజులుగా అదే ఆత్రం. అల్లరనుకున్నాడు.

ముబారక్ వంగి, పాప కింది పెదవిని వేలితో దించి చూశాడు. లోపల సున్నం కొట్టిన గోడలా ఉంది.

"కొట్టొద్దు నాయనా. ఇదిగో, దానికే వెయ్యి," అంటూ పాప సగం నమిలిన ముక్క చాపింది.

"రేష్మా, పాపకు చెప్పులు తొడుగు. ఆస్పత్రికి పోవల్ల," అన్నాడు ముబారక్, తొట్టి వైపు చూడకుండా.